గెత్సేమనే ప్రార్థనయు నిచ్ఛాద్వయ వాదమును

దేవుఁడు మనుష్యుఁడై జన్మించెననియు, ఆ మనుష్యుఁడు పాపరహితుఁడనియు క్రైస్తవులు విశ్వసింతురు. ఈ రెండు విశ్వాసములను గలిపి చూచినప్పు డొక సందేహము పుట్టును. కోరిక లేని మనుష్యుఁడు లేఁడు. కోరికయే పాపమునకు మూలమని లోకవాడుక. క్రీస్తునకు మనుష్యుల కోరిక యుండినచోఁ బాపరాహిత్య మెట్లు? లేకుండినచో మనుష్యత్వ మెట్లు? ఈ సందేహము తీఱుటకు 381 మొదలు 681 వఱకు మూఁడు వందల యేండ్లు పట్టెను. తుదకు జరిగిన నిర్ణయము, ఇచ్ఛ వ్యక్తిధర్మమా స్వభావధర్మమా యను నొక్క ప్రశ్నపై నిలిచినది. శబ్దార్థవిచారము చేయువారి కిది యుపేక్షింపఁదగినది కాదు.

నాలుగవ శతాబ్దమున లవొదికయ పీఠాధిపతి యైన అపొల్లినారిసు సులభమైన మార్గ మొకటి చూపెను. చంచలమైన మానవబుద్ధియే పాపమునకుఁ జోటు. కాఁబట్టి క్రీస్తునందు మానవబుద్ధి లేదు, దాని స్థానమున దివ్యవాక్కే యున్నదని యతని మతము. దీనిచేఁ బాపము తొలఁగినది కాని మనుష్యుఁడును దొలఁగెను. దేవుఁడు దేనిని స్వీకరింపలేదో దానికిఁ జికిత్సయు లేదు గదా, మొదట రోగగ్రస్తమైనది బుద్ధియే గదా యని నజియాంజసు గ్రెగొరీ యాక్షేపించెను. 381 నాఁటి కాన్‌స్టాంటినోపిలు సభ అపొల్లినారిసు మతమును ద్రోసివేసెను.

దీనికిఁ బ్రతికోటి మొప్సువెస్తియా థియొడోరుని పేర (మరణము 428) వచ్చినది. క్రీస్తు మనోవికారములచేతను దేహకాంక్షలచేతను బాధపడి, క్రమక్రమముగా వానిని దాఁటి, పునరుత్థానానంతరమే నిర్వికారుఁడయ్యెనని థియొడోరు చెప్పినట్లు నిర్ణయించి, 553 నాఁటి సభ యతనిని బహిష్కరించెను. ఈ రెండు సభల నడుమ 451 లో కాల్సిదోను సభ జరిగెను. వ్యక్తి యొక్కఁడు, స్వభావములు రెండు, పాపము దక్కఁ దక్కిన యన్నిటను మనవంటివాఁడు అని యది తేల్చెను. ఇచ్ఛ యొక్కటియో రెండో యా సభ చెప్పలేదు.

హెరాక్లియసు చక్రవర్తి (610-641) కాలమున నీ లోపము రాజ్యకార్యమయ్యెను. 614 లో పారసీకులు యెరూషలేమును బట్టిరి. 628 నాఁటికి చక్రవర్తి వారి నోడించెను. ఐనను సిరియా, ఐగుప్తు దేశముల క్రైస్తవులలోఁ బెక్కుమంది కాల్సిదోను నిర్ణయము నొప్పుకొనలేదు. వారిని గలుపుకొనఁగోరి, స్వభావములు రెండైనను ఇచ్ఛ యొక్కటియే యను సంధివాక్యమును రాజధాని పీఠాధిపతి సెర్గియసు ముందునకుఁ దెచ్చెను. రోమాపురి పోపు హొనోరియసు తన లేఖలో నేకేచ్ఛ యను మాట నంగీకరించెను. 638 లో నది రాజశాసనమయ్యెను. ఆ కాలమున నా దేశములు అరబ్బుల వశమయ్యెను. సంధివలనఁ గలుగవలసిన ఫలము పోయినను వివాదము నిలిచెను.

సెర్గియసు పక్షము వైయాకరణునకు సహజముగానే తోఁచును. మన శాస్త్రమున ఇచ్ఛార్థమున సన్ప్రత్యయము రావలెనన్నచోఁ గోరువాఁడును జేయువాఁడును ఒక్కఁడే కావలెను. ఇచ్ఛ కర్త నాశ్రయించి యుండును. కర్త యొక్కఁడైనచో నిచ్ఛయు నొక్కటియే యనుట యుక్తమువలె నున్నది. దీనిని ఖండించినవాఁడు మాక్సిమసు అను సన్న్యాసి (580-662). కోరువాఁడు వేఱు, కోరు శక్తి వేఱని యతని సిద్ధాంతము. కోరువాఁడు వ్యక్తి, కోరు శక్తి స్వభావమునకుఁ జెందినది. క్రైస్తవమతమునఁ ద్రిత్వమందు వ్యక్తులు మువ్వురు, స్వభావ మొక్కటి. ఇచ్ఛను వ్యక్తినిబట్టి లెక్కించినచో నచట నిచ్ఛలు మూఁడగును. దాని నెవరు నొప్పరు. స్వభావమునుబట్టి లెక్కించినచో ద్విస్వభావుఁడగు క్రీస్తునం దిచ్ఛలు రెండని యొప్పక తీఱదు.

అట్లైన నా రెంటికి విరోధము రాదా? ఇందులకు మాక్సిమసు గెత్సేమనే తోఁటలోని ప్రార్థనను విచారించెను. మరణపాత్రము తన్ను దాఁటిపోవలెనని క్రీస్తు మొదటఁ గోరెను. పిదపఁ దన యిచ్ఛ కాక తండ్రి యిచ్ఛ నెఱవేఱవలెననెను. మొదటిది మనుష్యేచ్ఛ, రెండవది దైవేచ్ఛ యని విభజించుట తగదు. తండ్రికిని గుమారునకును దైవేచ్ఛ యొక్కటియే కాఁగా "నాది, నీది" యను భేదము మనుష్యేచ్ఛయందే పొసఁగును. చావునకు జంకినదియు మనుష్యేచ్ఛయే, సమ్మతించినదియు మనుష్యేచ్ఛయే. ప్రాణమును నిలుపుకొనఁగోరుట, ఆఁకలి, దప్పి, ఇవి సృష్టికర్త యిచ్చిన ధర్మములు, పాపములు కావు.

మఱి పాపమునకుఁ జోటేది? మంచి యేదో తెలియక యిటునటు నూఁగాడు నిర్ణయవృత్తి యని యతని యుత్తరము. దీనికి గ్రీకున గ్నోమే యని పేరు. తొలిరచనయందు మాక్సిమసే యీ పదమును క్రీస్తుపట్ల వాడెను. తరువాతఁ బరిశోధించి, 645 లోఁ గార్తేజిలో జరిగిన వాదమున, పవిత్రగ్రంథములలోను పూర్వాచార్యుల రచనలలోను దానికి 28 అర్థములు గానవచ్చెనని చెప్పి, క్రీస్తునం దట్టి యూఁగులాట లేదని తేల్చెను. తన పదమును దానే దిద్దుకొన్న పండితుఁడు గౌరవార్హుఁడు.

648 లో ఒక యిచ్ఛ, రెండిచ్ఛలు అను మాటయే యెత్తరాదని రాజాజ్ఞ వెలువడెను. దానిని 649 లో రోమున నిరసించిన పోపు మార్టినును బంధించి, 655 లో నతఁడు మరణించువఱకుఁ బ్రవాసమున నుంచిరి. 662 లో మాక్సిమసు నాలుకను గుడిచేతిని గోసి కాకసస్ ప్రాంతమునకు వెడలఁగొట్టిరి. ఆ యేఁడే యతఁడు మరణించెను. 680-681 లో జరిగిన సభ, ఇచ్ఛలు రెండు, మనుష్యేచ్ఛ దైవేచ్ఛ ననుసరించునే కాని యెదిరింపదని నిర్ణయించి, సెర్గియసుతోపాటు పోపు హొనోరియసునుగూడ శపించెను. మాక్సిమసు పేరు మాత్ర మా నిర్ణయమున లేదు.

ప్రచారమునందున్న తెలుఁగు బైబిలున నీ ప్రార్థనయందుఁ గ్రీస్తునకు "ఇష్టము" అనియు, దండ్రికి "చిత్తము" అనియు వేఱువేఱు పదములు గలవు. లూకా గ్రీకు మూలమున నుభయత్ర థెలేమ యను నొక్క పదమే. తెలుఁగున నీ భేదము వినయోక్తికి సరిపోవును గాని, మనుష్యునకుఁ బూర్ణమైన యిచ్ఛ లేదను భ్రమకుఁ దావిచ్చును. కామ మన్నచో నరిషడ్వర్గము స్ఫురించును. చిత్త మన్నచో నంతఃకరణము స్ఫురించును. ఉభయత్ర నిచ్ఛ యనుట మేలని మా యభిప్రాయము. పాపరాహిత్య మనఁగాఁ గోరిక లేమి కాదు, ఉన్న కోరిక స్వయముగా సమ్మతించుట యని యా సభ చెప్పినది. ఆ యర్థము తెలుఁగునఁ జెడకుండుటకుఁ దగిన పదమును బండితులు విచారింతురు గాక.