చహా, చాయ్, టీ: చంద్రపూర్ గ్లాసులో కలిసిన దారులు

మహారాష్ట్రలోని చంద్రపూర్ చుట్టుపక్కల ఎక్కడా తేయాకు పండదు. ఆ మొక్కకు కావలసిన తడిగాలి ఆ నేలకు లేదు. ఎండాకాలంలో 46, 47 డిగ్రీలు చూసే ఊరది. అయినా ఆ ఎండలోనే జట్‌పురా గేటు దగ్గర, బస్టాండు ముందర, గనుల దారి పొడవునా టీ టపరీల (చిన్న బడ్డీల) చుట్టూ జనం పొగలు కక్కే గ్లాసులతో నిలబడి ఉంటారు. వాళ్లలో ఒకరు దాన్ని 'చహా' అంటారు, ఇంకొకరు 'చాయ్' అంటారు, మరొకరు 'టీ' అంటారు. గ్లాసు ఒకటే అయినా ఆ మూడు మాటలూ మూడు దారుల్లో వచ్చి అక్కడ కలిశాయి.

చైనాలో ఈ ఆకును ఎక్కువ ప్రాంతాలు 'చా' అన్నాయి, ఫూజియన్ తీరం 'తె' అంది. పారశీకుల నోట 'చాయ్'గా మారిన మాట ఉర్దూ మీదుగా హైదరాబాదుకు, తెలంగాణ ఊళ్లకు చేరింది. డచ్చి ఓడలెక్కిన 'తె' ఐరోపా చుట్టి, ఇంగ్లీషు 'టీ'గా కోస్తా ఆంధ్రకు వచ్చింది. మరాఠీ 'చహా'ది 'చా' వంశమే. తెలుగు నేల మీద టీకీ చాయ్‌కీ మధ్య ఉన్న గీత అందరికీ తెలిసిందే. దానికి మరాఠీ చహా కూడా తోడైన చోటు చంద్రపూర్.

ఇది సరిహద్దు చరిత్ర తెచ్చిన కలయిక. ఇరాయి, జర్పట్ నదులు కలిసే చోట గోండు రాజులు కట్టిన కోట నగరం ఇది. తర్వాత నాగపూర్ భోంస్లేల చేతికి, 1854లో ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లి చందా (చంద్రపూర్ పాత పేరు) జిల్లాకు కేంద్రమైంది. దక్షిణాన తెలుగు మాట్లాడే సిరొంచా, 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా ఈ జిల్లాలోదే. పక్కనున్న రాజురా తాలూకా, ఒకప్పుడు నిజాం ఏలిన హైదరాబాదు రాష్ట్రంలో 1956 దాకా, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్‌కు పోయి, 1959లో చందాలో కలిసింది. ఇక్కడి ఎన్నో ఇంటిపేర్ల చివర వినిపించే 'వార్'లో మన 'వారు' దాగి ఉంది.

టీ రాకముందు

వందేళ్ల కిందట ఈ నేల మీద పొద్దున్నే కడుపులో పడేది టీ కాదు. మనం అంబలి అంటాం, మరాఠీవాళ్లు ఆంబీల్ అంటారు. గోండు పల్లెల్లో జావ, ఇంటింటా చల్ల. ఇవన్నీ ఒంటిని చల్లబరిచేవి, పొలం పనికి బలమిచ్చేవి. వేడివేడిగా, తీయగా, ఆకలిని కాసేపు మరపించే పానీయం రైతు దినచర్యలో లేదు. అది గంట కొడితే పని మొదలయ్యే బతుకుతో పాటు వచ్చింది.

ఈ జిల్లాలో ఆ బతుకు బొగ్గుతో మొదలైంది. ఇక్కడి వరోరా బొగ్గుగని 1871లో మొదలై 1906లో మూతపడింది. అప్పటికే బొగ్గు తవ్వకం బల్లార్‌పూర్ వైపు మళ్లింది. టీ వ్యాపారులు గిరాకీ వెతుక్కుంటున్న కాలం కూడా అదే. 1903లో ఎగుమతయ్యే తేయాకు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. మొదట్లో వాళ్ల చూపు విదేశాల మీదే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో, బట్టల మిల్లుల్లో, బొగ్గుగనుల్లో టీ దుకాణాలు పెట్టించారు. అలిసిన కూలీకి కాస్త విరామం, ఒక కప్పు టీ ఇస్తే పని బాగా సాగుతుందని యజమానులకు నచ్చజెప్పారు. 1930ల మాంద్యంలో విదేశీ గిరాకీ పడిపోయాక ప్రచారమంతా మన జనం వైపు తిరిగింది. టీ ఎలా కాచాలో బొమ్మలతో, దేశభాషల్లో చెప్పే ఎనామెల్ పలకలు రైల్వే ప్లాట్‌ఫారాల మీద వెలిశాయి.

ఈ ప్రాంతానికి టీని మోసుకొచ్చిన అసలు బండి రైలే. 1929లో కాజీపేట–బల్లార్షా (బల్లార్‌పూర్ స్టేషన్) లైను పూర్తవడంతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే పట్టాలెక్కింది. నిజాం రైల్వే వచ్చి కలిసే చోటు కాబట్టి బల్లార్షా పెద్ద మజిలీ అయింది. నేటికీ మధ్య రైల్వేకూ దక్షిణ మధ్య రైల్వేకూ హద్దు అక్కడే. తెల్లవారుజామున బండి ఆగగానే కిటికీలో వినిపించే 'చాయ్, చాయ్' కేకతోనే ఎన్నో తెలుగు కుటుంబాలకు ఉత్తరాది మొదలయ్యేది.

ఒద్దన్నవాళ్లూ ఉన్నారు

టీ అడ్డూ అదుపూ లేకుండా ఏమీ వ్యాపించలేదు. వార్ధా దగ్గరి సేవాగ్రామ్‌లో 1936లో స్థిరపడిన గాంధీజీ, తన ఆరోగ్య రచనల్లో టీ, కాఫీ, కోకోలు ఒంటికి అక్కర్లేదని రాశారు. తోటల్లో కూలీల కష్టాలు తెలిసిన జాతీయవాదులకు టీ అంటే ఆ దోపిడీయే గుర్తుకొచ్చేది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. మనం రుచి చూసే ప్రతి గుక్క వెనుకా ఎవరో నడుం వంచి ఆకు కోశారు.

అయినా టీ నిలిచింది. గని మూతి దగ్గర, స్టేషన్‌లో, మిల్లు గేటు ముందు నిలబడే మనిషికి తక్కువ ధరలో వేడిని, తీపిని, పది నిమిషాల విశ్రాంతిని అందించే వస్తువు మరొకటి లేదు. 1945లో బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు స్థాపన, 1948 ఫ్యాక్టరీల చట్టంలో 250 మందికి పైగా పనిచేసే చోట క్యాంటీన్ నిబంధన, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, 1980లలో థర్మల్ విద్యుత్ కేంద్రం, ఒక్కొక్కటీ వచ్చేకొద్దీ షిఫ్టు మనుషులు పెరిగారు, వాళ్లతో టీ పెరిగింది. కరీంనగర్, ఆదిలాబాద్‌ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు తమ చాయ్ అలవాటునూ వెంట తెచ్చుకున్నారు.

గ్లాసు ఎవరిది?

టీ గురించి రుచి మాత్రమే మాట్లాడి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు. టీకి పాత శాస్త్రం లేదు, మడి నియమం లేదు. కొత్త పానీయం కనుక అందరూ కలిసి తాగడానికి వీలున్నది. కానీ మన సమాజం దానికీ గోడలు కట్టింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో స్టేషన్లలో హిందూ చాయ్, ముస్లిం చాయ్ వేరువేరుగా అమ్మేవారు. ఊరి హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు. తాగినవాళ్లే కడిగి పక్కన బోర్లించాలి. తెలుగు పల్లెలు కూడా ఈ రెండు గ్లాసుల పద్ధతిని చాలాకాలం మోశాయి.

దుకాణాలు, హోటళ్లు అందరికీ తెరిచి ఉండాలని 1950లో రాజ్యాంగం చెప్పింది. అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్, రెండు రోజులకే, అక్టోబరు 16న, చందాకు వచ్చి వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. ఏటా ఆ రోజుల్లో చంద్రపూర్ దీక్షాభూమికి జనం తరలివస్తారు. ఆ రద్దీలో బళ్ల మీద టీ అమ్మే మనిషి ఎవరి పేరూ అడగకుండా గ్లాసు అందిస్తాడు. ఆ చిన్న విషయం వెనుక ఎంత పెద్ద పోరాటముందో మరిచిపోకూడదు. మార్కెట్ టీని ఊరూరికీ చేర్చింది, ఒకే గ్లాసులో తాగే హక్కును మాత్రం మనుషులు పోరాడి తెచ్చుకున్నారు.

ఎవరికి ఎలా ఇష్టం

1930లలో అస్సాంలో పుట్టిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చీల్చి, గుండ్రటి గింజలుగా చుట్టడం నేర్పింది. చిటికెడు పొడితో చిక్కటి రంగు, ఘాటు. స్వాతంత్ర్యం తర్వాత ఈ చవక పొడి విస్తరించాకే టీ పేదింటి పొయ్యి మీదికి ఎక్కింది. ఇప్పుడు దేశంలో పండే టీలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మనమే తాగేస్తున్నాం. ఆకు ఖర్చు తగ్గుతుందని మసాలాలను ఒద్దన్న పాత ప్రచారకుల మాటను జనం పట్టించుకోలేదు. తమకు నచ్చినట్టు కాచుకున్నారు.

చంద్రపూర్‌లో మరాఠీ ఇంట నీళ్లలో పంచదార, పొడి, దంచిన అల్లం ముందు మరిగి, పాలు తర్వాత పడతాయి. పెరట్లో గుబురుగా పెరిగే నిమ్మగడ్డి రెండు పోచలు తుంచి వేస్తే ఇల్లంతా వాసన. ఆ గడ్డికి మరాఠీలో పేరే 'గవతీ చహా', అంటే గడ్డి టీ. ఊరికి కొత్తగా వచ్చిన పానీయం పాత మొక్కకు పేరు పెట్టేంతగా అల్లుకుపోయింది. పాలు లేని రోజున 'కోరా చహా'. చలికాలంలో బెల్లం వేసిన 'గుళాచా చహా'. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల్లో పాలు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఇరానీ చాయ్ రుచి తెలిసినవాళ్లు పాలను విడిగా మరిగించి, చిక్కటి డికాషన్ కలిపితే గానీ ఒప్పుకోరు. కోస్తా మనిషి గుడ్డ సంచిలో వడకట్టి, ఎత్తు నుంచి తిరగబోసి నురగ తేలిన టీ కోసం వెతుకుతాడు. పొద్దున తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు) తిన్నాక కారం తగ్గడానికి అందరికీ ఒకటే మందు.

మరాఠీవాళ్ల 'కటింగ్', మన 'వన్ బై టూ' ఒక్క కోరికకే రెండు పేర్లు: ఉన్నదాన్ని ఇద్దరం పంచుకుందాం. పాతకాలపు ఇళ్లలో ఇది ఇంకా అందంగా ఉండేది. అనుకోకుండా ఇంకొక మనిషి వస్తే, కప్పులోది సగం బశీ (సాసర్)లోకి ఒంపి, కప్పును వచ్చినవాళ్లకిచ్చి, బశీని తాము తీసుకునేవారు. ఈ నేల మీద మొలవని ఆకుకు ఈ నేల నేర్పిన మర్యాద అది. చాయ్‌పొడి దుకాణంలో దొరుకుతుంది. కప్పు ఎవరికిచ్చి బశీ ఎవరు తీసుకోవాలో మాత్రం ఇంట్లోనే నేర్చుకోవాలి.