ఆదివారం పని చెయ్యం

"ఈ ఆదివారం రిలీజుంది, ఓ రెండు గంటలు లాగిన్ అవుతారా?" అని మేనేజరు అడిగితే మనలో ఎంతమందిమి కుదరదని చెప్పగలం? నేనైతే ఇంతవరకూ చెప్పలేదు. చెప్తే పోయేదేముంది, మహా అయితే అప్రైజల్లో ఓ మెట్టు తగ్గుతుంది. 1867లో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో కొంతమంది ఇదే మాట చెప్పారు. వాళ్లకి పోయింది తిండిగింజలు.

ఇందులోకి నేను వెళ్లింది జాషువా గారి వల్ల. ఆయన పుట్టింది వినుకొండలో, 1895 సెప్టెంబరు 28న. (అప్పట్లో అది కృష్ణా జిల్లా, ఆ తర్వాత చాలాకాలం గుంటూరు జిల్లా అనేవాళ్లం, 2022 నుంచి పల్నాడు జిల్లా.) అమెరికన్ బాప్టిస్టు మిషన్ వినుకొండలో స్థావరం పెట్టింది 1883లో. అంతకుముందు ఆ మెట్ట పొలాల మధ్య మాదిగపల్లెల్లోకి క్రైస్తవం ఎలా వచ్చిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఒంగోల్లో తేలాను.

మామూలుగా ఈ కథ జాన్ ఎవరెట్ క్లౌ దొరతో మొదలెడతారు. 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చాడాయన, అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు. నాకు మాత్రం అసలు కథ యెర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతుందనిపిస్తుంది. ఒంగోలుకి పడమరగా నలభై మైళ్ల దూరాన తాళ్లకొండపాడు ఆయన ఊరు. కులం మాదిగ, తోళ్ల వ్యాపారం. అప్పటికే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకుని సాధన చేసేవాడు. అంటే దొర వచ్చేదాకా ఏమీ తెలియని అమాయకుడేం కాదు, ఏళ్ల తరబడి వెతుకుతున్న మనిషి. తోళ్ల కోసం ఏలూరు వైపు తిరిగినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. క్లౌ రాకముందే, 1866లోనే బాప్తిస్మం తీసుకుని, ఊరికెళ్లి తనవాళ్లకి చెప్పడం మొదలెట్టాడు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే పేరయ్య చెప్పిన మాటలు విన్న జనం సిద్ధంగా ఉన్నారు. ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం. చేరినవాళ్లకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

చూడ్డానికి చాలా చిన్న రూల్స్. నేనూ మొదట చదివినప్పుడు, ఇంతేనా, ప్రేమ గురించీ క్షమాపణ గురించీ ఏదీ అనుకున్నా. కానీ పల్లెలో మాదిగల బతుకు ఎలా నడిచేదో చూస్తే ఆ మూడూ ఎంత బరువో తెలుస్తుంది. రైతుకి చెప్పులు, నీళ్లు తోడే తోలు బానలు కుట్టిపెట్టాలి, పొలం పనికి పిలిచిన రోజున వెళ్లాలి, జాతరలో డప్పు కొట్టాలి. కూలి అంటూ రోజుకింత ఉండదు, కోతలప్పుడు కళ్లంలో ఇచ్చే గింజలే. ఊళ్లో గొడ్డు చస్తే ఆ తోలూ ఆ మాంసమూ వాళ్ల వాటా.

ఇప్పుడు ఆ మూడు నియమాలూ దీనిమీద పెట్టి చూడండి. ఆదివారం రానంటే రైతుకి కోపం. డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఇంట్లో పిల్లలకి ఆ పూట ఆకలి. కరణాలూ పెద్దరైతులూ ఊరుకోలేదు. నీళ్లు దొరక్కుండా చేశారు, పని మాన్పించారు, కేసులు పెట్టించారు. బాప్తిస్మం ఒక్కరోజు పని, నీళ్లలో మునిగి లేస్తే అయిపోతుంది. మళ్లీ ఆదివారం, ఆ పై ఆదివారం, అదే రైతు ఎదురుగా నిలబడి "ఇవాళ రాలేనండీ" అనడం ఉంది చూశారూ, గో లైవ్ అయ్యాక మొదలయ్యే సపోర్టు లాంటిది, దానికి చివరి తేదీ ఉండదు.

అన్నట్టు, మన దేశంలో మిల్లు కార్మికులకి వారానికో సెలవు చట్టంలోకి వచ్చింది 1891 ఫ్యాక్టరీ చట్టంతో. ఈ మాదిగలు అంతకి ఇరవైనాలుగేళ్ల ముందే, ఏ చట్టమూ లేకుండా ఆ సెలవు తీసుకున్నారు.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని కల్పించాడు. బోధకులే మేస్త్రీలు, తవ్వేవాళ్లు అలసి కూర్చున్నప్పుడు వాళ్లతో మాట్లాడేవాళ్లు. నాకు నచ్చిన విషయం ఏంటంటే, ఆ పదిహేను నెలలూ క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికేమీ లేదు వెళ్లమన్నా జనం వెళ్లలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ.

ఎక్కడ చదివినా ఈ 2,222 అంకె కనపడుతుంది. వేలమంది ఒకేసారి ఎలా మారతారు, బియ్యం క్రైస్తవులే కదా అని ఎద్దేవా చేసినవాళ్లూ ఉన్నారు. కడుపు కోసం వచ్చినవాళ్లు అసలే లేరని నేనూ అనను. కానీ కడుపు కోసమే అయితే కళ్లంలో గింజలు పోగొట్టుకునే నియమం ఎందుకు పట్టుకుంటారు? ఆ లెక్క నాకు కుదరలేదు.

అలాగని అంతా మారిపోయిందనుకోకండి. జాషువా గారి నాన్న వీరయ్యది యాదవ కులం, అమ్మ లింగమ్మది మాదిగ కులం. ఇద్దరూ ప్రేమించి ఒకటయ్యారు, రెండు వైపులా మాటలు పడ్డారు. క్రైస్తవ ఇంట పుట్టినా ఆ పిల్లాడిని వినుకొండ బడిలో అంటరానివాడిగానే చూశారు. పద్యాలు రాస్తూ పురాణాలు చదివితే సొంత మతంవాళ్లు వెలివేశారు, పద్యం బాగుందన్న పండితులు కులం అడిగి లేచిపోయారు. అయినా రోజూ రాస్తూనే ఉన్నాడు. 'గబ్బిలం' 1941లో వచ్చింది. అరవై దాటాక, 1958లో 'క్రీస్తు చరిత్ర'. వెలివేసినవాళ్ల దేవుడి మీదే రాసిన ఆ పుస్తకానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.