రెండు రెక్కల వైద్యుడు



మాది గుంటూరు జిల్లాలోని తుళ్లూరు. కృష్ణ కుడిగట్టు సీమలో ప్రత్తియు మిరపయు పండించి బ్రతికిన కుటుంబములలో మాదియు నొకటి. 2015లో రాజధాని కొరకు భూసమీకరణ జరిగినప్పుడు మా పొలమును ఇచ్చివేసితిమి. అప్పటినుండి నాకు అరక పని తప్పినది. పుస్తకములు చదువుటయు, పిల్లల మంచిచెడ్డలు వినుటయు నా వ్యాపకమైనది.

సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన నా మనుమడు ఒకనాటి రాత్రి భోజనమైన పిదప నా మంచము ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, ఒకమాట అడుగుతాను, కోప్పడవు గదా" అనెను. వానికి ఇరువదియారేండ్లు. నుదుటిపై వెండ్రుకలు వెనుకకు తగ్గినవి. ఫోటో చూచి రెండు సంబంధములు తప్పిపోయినవట. తలవెనుకనుండి వెండ్రుకలు తీయించి ముందు నాటించుకొందునని, కౌలు సొమ్ములో కొంత యిమ్మని అడిగెను. చేతిలో ఒక రంగుల కాగితమున్నది. దానిమీద 'ఒక్క దినములో, నొప్పి లేకుండ' అని అచ్చువేసిరి. కోయువాని పేరు మాత్రము ఎచ్చటను లేదు.

"కొండమీద తలనీలాలు ఇచ్చి గుండుతో ఊరంతా తిరిగే వాళ్లం మనం. దీనికి కత్తి ఎందుకురా?" అని నవ్వితిని. వాడు నవ్వలేదు. నా నవ్వు తప్పని నాకు తోచినది. ఇరువదియారేండ్లవాని బాధను డెబ్బదియేండ్లవాని తలతో కొలువరాదు. "కొన్ని దినాలు ఆగు, చదివి చెబుతాను" అంటిని. అట్లు చదివిన చరిత్రయే నేటి నా ప్రసంగమునకు విషయము.

చర్మమును ఒకచోటనుండి తీసి మరియొకచోట అతుకు విద్య మన దేశమున ప్రాచీనమైనది. తెగిన ముక్కును తిరిగి నిర్మించు విధానమును సుశ్రుతసంహిత వర్ణించినది. వెండ్రుకలు రాలు వ్యాధిని గూడ ఇంద్రలుప్తమను పేర ఆ గ్రంథము పేర్కొన్నది. దానిని సంస్కరించినవాడు నాగార్జునుడని వ్యాఖ్యాత యగు డల్హణుడు వ్రాసెను. ఆ పేరు మన కృష్ణాతీరమువారికి పరాయిది కాదు. అయినను ఆ పేరుగలవారు పెక్కురుండుటచే ఆయనయే ఈయనయని నేను పట్టుబట్టను.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది ముక్కు కథ కాదు, శిష్యుని శిక్షణ. శాస్త్రమెంత చదివినను చేతి అభ్యాసము లేనివాడు కత్తి పట్టరాదని సుశ్రుతుడు శాసించెను. గుమ్మడి, పుచ్చ, దోస మొదలగు కాయలపై కోతను, వెండ్రుకలున్న తోలుపై గీచుటను, చచ్చిన పశువుల సిరలపైనను తామరతూండ్లపైనను గ్రుచ్చుటను, మందపు గుడ్డపై కుట్టుటను ముందుగా నేర్వవలెను. శాస్త్రము మాత్రమే తెలిసినవాడును, చేతిపని మాత్రమే తెలిసినవాడును ఒంటిరెక్క పక్షులవంటివారని ఆయన యభిప్రాయము. అంతటితో ఆగక, లోభముచే జనులను చంపు కువైద్యుడు బ్రతుకుచున్నాడన్న అది రాజు దోషమని గూడ చెప్పెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికడకే రావలసియున్నది.

ఈ విద్య గ్రంథములలోనే నిలిచిపోలేదు. మైసూరు యుద్ధములో ఆంగ్లసేనకు ఎడ్లను తోలిన కావస్జీ అనునతడు 1792లో టిప్పుసుల్తాను సైనికులకు చిక్కెను. వారు అతని ముక్కును, ఒక చేతిని కోసిరి. ఏడాదికాలము ముక్కు లేకుండ గడపిన పిదప పూనా ప్రాంతమున ఒక సంప్రదాయ వైద్యుడు నొసటి చర్మమును క్రిందికి త్రిప్పి అతనికి ముక్కు చేసెను. ఆ వృత్తాంతము 1794లో లండను పత్రికలో ప్రకటింపబడినది. దానిని చదివిన కార్ప్యూ అను వైద్యుడు వెంటనే కత్తి పట్టలేదు. ఏండ్ల తరబడి విచారించి, శవములపై అభ్యసించి, 1814లో ఒక రోగికి ఆ చికిత్స చేసి, 1816లో గ్రంథము వ్రాసెను. రెండు రెక్కలు గలవాడనగా ఇట్టివాడు.

వెండ్రుకల నాటునకు వచ్చెదము. జపాను వైద్యుడు ఒకుడా 1939లో చిన్న గొట్టపుకత్తితో వెండ్రుకలున్న చర్మపు ముక్కలను తీసి, వెండ్రుకలు లేనిచోట నాటిన విధమును ప్రకటించెను. యుద్ధము వచ్చుటచే అది పశ్చిమదేశములకు తెలియకపోయెను. న్యూయార్కులో ఓరెంట్రైక్ అను చర్మవైద్యుడు 1952లో స్వతంత్రముగా ఈ చికిత్స చేసి, 1959లో దాని సూత్రమును వెల్లడించెను. తలవెనుకనుండి తెచ్చిన వెండ్రుక ముందు నాటినను తన పుట్టినచోటి గుణమునే నిలుపుకొనునని ఆ సూత్రము.

మిరపనారు నాటినవారికి ఇది సులభముగా బోధపడును. నారుమడిలోని మొక్కను పీకి చేలో నాటినప్పుడు దాని జాతి మారదు. కాని ఒక భేదమున్నది. నారు చాలనిచో మరల విత్తు చల్లుకొందుము. ఈ నారుమడిలో రెండవ విత్తనము లేదు. తలవెనుక తీసిన వేరు అచ్చట తిరిగి మొలవదు. కావున అదుపు లేక పీకినచో ముందు చేను పచ్చబడకున్నను వెనుక మడి బీడగును.

తొలినాళ్ల ముక్కలు పెద్దవగుటచే నాటిన జుట్టు గడ్డిదుబ్బులవలె కనబడెడిది. 1990 దశాబ్దములో సూక్ష్మదర్శినిక్రింద ఒకటి మొదలు నాలుగు వెండ్రుకలుగల సహజమైన గుత్తులుగా విడదీసి నాటు పద్ధతి వ్యాపించెను. తలవెనుకనుండి చర్మపు పట్టెను కోసి తీయుట ఒక విధము. దానికి గీతవంటి మచ్చ మిగులును. ఒక్కొక్క గుత్తిని విడిగా తొలిచి తీయుట రెండవ విధము. 2002 తరువాత ఇది బాగుగ ప్రచారమునకు వచ్చెను. దీనికిని చుక్కలవంటి మచ్చలుండును. 'మచ్చయే లేదు' అనువాని మాట నమ్మదగినది కాదు. నాటిన వెండ్రుకలు కొన్ని వారములలో రాలి, మూడు నాలుగు నెలలకు తిరిగి మొలవనారంభించును. ఫలము తెలియుటకు ఇంచుమించు ఏడాది పట్టును. ఒక్క దినములో ముగియునది కోత మాత్రమే.

ఇక అపాయము మాట. చిన్న చికిత్సకు చిన్న అపాయమే యుండునని మనము భ్రమపడుదుము. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము వాసన చూపిరి. గోరు తీయుట యెంత పని? ఆ పిల్ల నిమిషములలో మరణించెను.

ఆ మరణములకు కారణమేమను వివాదము మన హైదరాబాదు వరకు వచ్చినది. అచ్చటి వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము గుండెకు నేరుగా హాని చేయదనియు, ఊపిరిని కనిపెట్టియున్నచో భయము లేదనియు వాదించెను. నిజాము ప్రభుత్వపు సాయముతో 1888లో ఒకటి, 1889లో మరియొకటి పరిశోధక సంఘములు కూడినవి. రెండవ సంఘము నాలుగువందలకు మించిన జంతువులపై ప్రయోగములు చేసి లారీ పక్షమునే నిలిచెను. కాని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, స్వల్పముగా ఇచ్చిన క్లోరోఫారము సైతము గుండె లయను తప్పించి హఠాత్తుగా ప్రాణము తీయవచ్చునని నిరూపించెను. లారీ మోసగాడు కాడు, దక్షుడైన వైద్యుడు. అట్టివాని 'భయమేమియు లేదు' అను మాటయే తప్పగునప్పుడు, రంగుకాగితముపైని అదే మాటకు విలువ యెంత?

నేడు క్లోరోఫారము లేదు. వెండ్రుకల నాటునకు తలచర్మమునకు మాత్రమే మొద్దుబారు సూదిమందు వేయుదురు. దానికిని శరీరపు బరువునుబట్టి హద్దు గలదు. వేల గుత్తులను ఒక్కమారు నాటవలెనని గంటల తరబడి సూదులు వేసినచో ఆ హద్దు దాటి మూర్ఛయు, గుండెకు ఆపదయు కలుగవచ్చును. మందు సరిపడక ఒళ్లు ఉబ్బి ఊపిరి ఆడకపోవచ్చును. ఇవి అరుదు. ముఖపు వాపు, చీము, తిమ్మిరి, మచ్చ, నాటినవి మొలవకపోవుట అంతకంటె తరచుగా కనబడునవి. కాని అరుదైనవి జరిగియున్నవి. 2016లో చెన్నైలో ఒక వైద్యవిద్యార్థి ఈ చికిత్స జరిగిన కొలదిదినములలోనే మరణించెను. 2019లో ముంబైలో ఒక వ్యాపారి, 2024-25లలో కాన్పూరులో ఇద్దరు ఇంజనీర్లు మరణించినట్లు పత్రికలు ప్రకటించినవి.

కావస్జీకి ముక్కు లేదు. పోగొట్టుకొనుటకు అతనికి మిగిలినది తక్కువ. నా మనుమనికి తగ్గినది నొసటి జుట్టు, తక్కినదంతయు చక్కగానున్నది. కావున వాని తక్కెడలో అపాయపు పళ్లెమునకు బరువు ఎక్కువ. ఇది చేయించుకొనరాదని నా మాట కాదు. మెల్లగా, విచారించి చేయించుకొనవలెనని మాత్రమే.

ఎవరిని ఎన్నుకొనవలెను? సుశ్రుతుని రెండు రెక్కలకే వచ్చితిమి. 2022లో జాతీయ వైద్య సంఘము ఈ విషయమున సూచనలు చేసినది. ప్లాస్టిక్ శస్త్రచికిత్సలో గాని, తగిన శస్త్రశిక్షణతో చర్మవైద్యములో గాని ఉన్నతపట్టము గలవారే దీనిని చేయదగినవారని చెప్పినది. కార్యశాలలలోనో, యూట్యూబులోనో చూచినంతమాత్రమున శిక్షణ కాజాలదని హెచ్చరించినది. రాజు మాట చెప్పియున్నాడు. దానిని అడిగి నెరవేర్చుకొనుట మన వంతు.

ప్రత్తివిత్తనము కొనునప్పుడు మనము సంచిమీది లాటు నెంబరు చూచి, రసీదు అడిగి దాచుకొందుము. నకిలీ విత్తుతో ఒక్క పంటయే పోవును. తలకు అంతకంటె తక్కువ విచారణ చాలునా? నేను మనుమనికి వ్రాసియిచ్చిన ప్రశ్నలివి. కోయు చేయి ఎవరిది, బోర్డుమీద పేరున్న వైద్యునిదా, జీతగానిదా? ఆయన పేరు రాష్ట్ర వైద్యమండలి పట్టికలో నున్నదా? మొదటినుండి తుదివరకు ఆయన గదిలో నుండునా? ఎన్ని గుత్తులు తీయుదురు, వెనుక ఎన్ని మిగులును? ఆపద కలిగినచో ఊపిరిని, గుండెను నిలుపు సాధనములును, వాటిని వాడనేర్చినవారును అచ్చట నున్నారా? ఏడాది గడచిన రోగులను చూపగలరా? మధుమేహము, రక్తపుపోటు, వాడుచున్న మందులు, సూదిమందు పడకపోవుట - వీనినిగూర్చి ఆయనయే ముందుగా అడిగెనా? రోగిని ప్రశ్నింపని వైద్యుడు, వెలనుమాత్రము చెప్పి తొందరపెట్టువాడు, వానిని వదలి రావలెను.

మేమిద్దరమును కలిసి రెండు చోట్లకు పోతిమి. మొదటిచోట "ఎవరు కోస్తారు?" అని అడుగగా, "మా టీము చూసుకుంటుంది, పెద్దాయనా, ఈ వారమే కడితే తగ్గింపు ఉంది" అనిరి. లేచి వచ్చితిమి. రెండవచోట చర్మవైద్యుడొకడు వాని తలను అరగంట పరీక్షించి యిట్లనెను: "నీకింకా జుట్టు రాలుతూనే ఉంది. ఇప్పుడు ముందు నాటితే, వెనకది రాలి, నాటినది ఒంటరిగా ద్వీపంలా మిగులుతుంది. ఏడాదిపాటు మందు వాడి చూద్దాం. ఆ మందులకూ కొన్ని దోషాలున్నాయి, అవీ చెబుతాను విను." చికిత్స చేసి సొమ్ము తీసుకొనగలవాడు ఆగుమని చెప్పుట నాకు మిక్కిలి నమ్మకము కలిగించినది.

మనుమడు మందు వాడుచున్నాడు. ఏడాది నిండిన పిదప చేయించుకొనునో, మానునో, అది వాని నిర్ణయము. సొమ్ము వాని పేరనే బ్యాంకులో వేసితిని. మీ యిండ్లలోను ఇట్టి పిల్లలుందురు. వారు అడిగినప్పుడు నావలె మొదట నవ్వకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. తరువాత వారితో కూడ వైద్యునికడకు పోయి, ఆ రెండు రెక్కలున్నవో లేవో మీరే అడుగుడు.