క్యాన్సర్ వైద్యుల సహకార ఆన్‌లైన్ ఆకరాలు: వినియోగ సౌలభ్యం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

1994 నవంబరులో బోస్టన్ నగరంలోని ఒక ప్రముఖ క్యాన్సర్ ఆసుపత్రిలో బెట్సీ లేమన్ అనే పత్రికా రచయిత్రికి సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చారు. నాలుగు రోజులకు కలిపి ఇవ్వవలసిన మోతాదును రోజూ ఇచ్చారు. డిసెంబరు 3న ఆమె మరణించారు. చికిత్సాపత్రంలోని మొత్తం మోతాదును రోజువారీ మోతాదుగా చదవడమే ఈ దోషానికి మూలం. వైద్యులు చదివే పాఠం ఎంత తేటగా ఉండాలో ఈ ఘటన చెబుతుంది. వైద్యులు కలిసి నిర్మించుకునే ఆన్‌లైన్ ఆకరాల వినియోగ సౌలభ్యాన్ని ఏ ప్రాతిపదికన అంచనా వేయాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సహకార ఆకరాల ఆవిర్భావం

1995లో వార్డ్ కనింగ్‌హామ్ తొలి వికీని ప్రారంభించారు. 2001లో వికీపీడియా వచ్చింది. చదువరే సవరించగల ఈ పద్ధతి క్రమంగా వైద్యరంగానికీ విస్తరించింది. ఒకే రకం క్యాన్సర్‌కు పలు కీమోథెరపీ విధానాలు ఉంటాయి. ఒక్కో విధానంలో మందులు, మోతాదులు, అవి ఇవ్వవలసిన రోజులు వేరుగా ఉంటాయి. కొత్త పరిశోధన ఫలితాల వేగాన్ని అచ్చు గ్రంథాలు అందుకోలేవు. ఈ లోటును పూరించేందుకు 2011లో అమెరికాలో పీటర్ యాంగ్ హెమాంక్ డాట్ ఆర్గ్‌ను ప్రారంభించారు. జెరెమీ వార్నర్ దాని వికాసానికి తోడ్పడ్డారు. వికీపీడియా వాడే మీడియావికీ సాఫ్ట్‌వేరే దీనికీ ఆధారం. దీన్ని ఉచితంగా చదువుకోవచ్చు. చికిత్సా విధానాలతోపాటు వాటికి ఆధారమైన పరిశోధన పత్రాలనూ ఇందులో సూచిస్తారు.

3. కొలమానాలు – పరిమితులు

వినియోగ సౌలభ్య పరీక్షల్లో విరివిగా వాడే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌ను 1986లో జాన్ బ్రూక్ రూపొందించారు. 10 వాక్యాలకు ఐదు స్థాయిల్లో సమాధానాలు తీసుకుని, 0 నుంచి 100 లోపు ఒక అంకెగా ఫలితాన్ని చెబుతారు. ఇది త్వరగా పూర్తవుతుంది, పోలికకు పనికొస్తుంది. అయితే ఇది కొలిచేది వాడుకరి అభిప్రాయాన్ని మాత్రమే. మోతాదును తప్పుగా చదివిన వైద్యుడికి తన పొరపాటు తెలియదు కనుక, అతను కూడా ఆకరం సులువుగా ఉందనే చెప్పవచ్చు. 1998 నాటి ఐ.ఎస్.ఓ. 9241-11 ప్రమాణం సంతృప్తితోపాటు ఫలసిద్ధిని, దానికి పట్టే శ్రమనూ చూడాలంటుంది. నిర్దిష్ట వాడుకరి, లక్ష్యం, సందర్భం అనే మూడింటినీ దృష్టిలో ఉంచుకోమంటుంది. క్యాన్సర్ వైద్యానికి ఈ నిర్వచనమే తగినది.

4. ముగింపు

కాబట్టి పరీక్షలో వైద్యుడికి ఒక రోగి వివరాలిచ్చి, ఆకరం నుంచి మోతాదు నిర్ణయించమనాలి. రోజువారీ మోతాదుకూ మొత్తం మోతాదుకూ తేడా గుర్తించాడా, మూలపత్రాన్ని సరిచూశాడా అన్నవి ముందుగా చూడాలి. సహకార ఆకరానికి మరో పరీక్ష కూడా అవసరం. పాఠాంతరాలతో పరిచయమున్న సాహిత్య పరిశోధకులకు ఇది సులభంగా బోధపడుతుంది. వికీ పుట వెనుక ప్రతి సవరణా నమోదై ఉంటుంది. ఆ చరిత్ర భద్రంగా ఉంటే చాలదు. ఈ అంకె ఎప్పుడు, ఎందుకు మారిందో మందు రాసే వేళ వైద్యుడి కంటపడాలి.