బట్టల డ్రయ్యరులో థర్మిస్టర్ లోపం

బట్టల డ్రయ్యరులోని గాలి ఉష్ణోగ్రతను నియంత్రణ బోర్డుకు తెలిపే చిన్న భాగం థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఇటువంటి గుణాన్ని 1833లో మైకేల్ ఫారడే వెండి సల్ఫైడులో గుర్తించాడు. సాధారణంగా ఇది గాలి బయటికి పోయే మార్గంలో, ఫ్యానుకు దగ్గరగా ఉంటుంది.

లక్షణాలు

నిరోధం ఉండవలసినదానికంటే ఎక్కువైతే, గాలి ఇంకా చల్లగానే ఉన్నదని భావించి బోర్డు హీటరును ఆపదు, బట్టలు మాడవచ్చు. తక్కువైతే హీటరు ముందే ఆగి బట్టలు తడిగా మిగులుతాయి. జల్లెడలోను, గొట్టంలోను నూలుపీచు పేరుకున్నా బట్టలు ఆరవు. కనుక మొదట దానిని తొలగించాలి. 2008–2010 మధ్య అమెరికా ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యరు అగ్నిప్రమాదాలు జరిగాయని ఆ దేశ అగ్నిమాపక పరిపాలన సంస్థ లెక్కగట్టింది; శుభ్రం చేయకపోవడమే వాటికి ప్రధాన కారణం.

పరీక్ష

ప్లగ్గు తీసివేసి, థర్మిస్టర్ కనెక్టరును విడదీసి, మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. అనంతమని చూపితే లోపల తెగినట్లు, సున్నా అయితే షార్టు అయినట్లు. చాలా నమూనాలలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 కిలో ఓములు ఉంటుంది. ఖచ్చితమైన విలువకు తయారీదారు పట్టికను చూడాలి. పెన్నా తీరాన సోమశిల వంటి చోట, వేసవిలో గది 40 డిగ్రీలకు చేరితే, అదే థర్మిస్టర్ సుమారు 5.3 కిలో ఓములే చూపుతుంది. అంతమాత్రాన అది చెడిపోయినట్లు కాదు. ఆ ఎండలో బట్టలు దండెం మీదనే ఆరుతాయన్నది వేరే మాట.

వేడి తగిలించినప్పుడు నిరోధం క్రమంగా తగ్గాలి. ఎగుడుదిగుడుగా మారితే భాగాన్ని మార్చాలి. సరిగానే ఉంటే తీగలను, కనెక్టరును పరిశీలించాలి. ఖరీదైన బోర్డును చివరనే అనుమానించాలి. కరిగిపోయిన థర్మల్ ఫ్యూజు స్థానంలో తీగ కలిపి యంత్రాన్ని నడపడం మిక్కిలి ప్రమాదకరం.