బడా దిన్

ఉత్తర హిందూస్థానములో క్రిస్మస్ పండుగకు ఇంటింట వాడుకలో ఉన్న పేరు 'బడా దిన్'. పెద్దరోజు అని దాని అర్థము. నిజమునకు డిసెంబరు 25 సంవత్సరములోని మిక్కిలి చిన్న పగళ్లలో ఒకటి. అయినను ఆ పేరు అర్థము లేనిది కాదు. ప్రాచీన రోమకుల పంచాంగములో సూర్యుడు ఉత్తరమునకు మరలు దినముగా లెక్కింపబడినది ఆ తేదియే. తెలుగువారి సంక్రాంతియు ఇట్టిదే కదా! ఉత్తరాయణము ఆకాశములో డిసెంబరు 21, 22 తేదులకే ఆరంభమగుచున్నను, ఇండ్లలో పండుగ మాత్రము జనవరి నడుమనే జరుగుచున్నది.

ఢిల్లీ ప్రాంతములో ఈ పండుగకు రెండు చరిత్రలు ఉన్నవి. ఒకటి దర్బారుది, రెండవది వంటింటిది. మొదటిది గ్రంథములకు ఎక్కినది. 1580లో అక్బరు పిలుపుపై గోవానుండి జెసూటు గురువులు ఫతేపూర్ సిక్రీకి వచ్చినారు. బహదూర్ షా కాలమున మొగలు అంతఃపురములో పలుకుబడి సంపాదించిన పోర్చుగీసు సంతతి వనిత జూలియానా డియాస్ ద కోస్టా 1734లో మరణించినది. ఓఖలా చెంతనున్న సరాయ్ జూలైనా ఆమె పేరనే వెలసినది. నేడు ఆ దారిని పోవు బస్సులలో ఆ పేరు పలుకువారిలో ఎందరు ఆమెను తలచుకొందురో!

ఈ దర్బారు పండుగకు పరాకాష్ఠ మీరట్ సమీపమున సర్ధనా జాగీరును ఏలిన బేగం సమ్రూ కాలము. ఆమె 1781లో ఆగ్రాలో జ్ఞానస్నానము పొందినది. క్రిస్మస్‌నాడు ఆరాధన ముగిసిన పిదప ఆమె ఇచ్చు విందు మూడు దినములు సాగెడిది. తెల్లదొరలు అతిథులై వచ్చెడివారు. నాట్యకత్తెలు, బాణసంచా, పలావు అన్నియు ఉండెడివి. 1836 జనవరిలో బేగం మరణించినది. జాగీరును కుంపిణీ స్వాధీనము చేసికొన్నది. దత్తపుత్రుడు డైస్ సోంబర్ ఇంగ్లండుకు పోయి, అక్కడ మతిచెడినవాడని ముద్రవేయబడి, 1851లో కన్నుమూసినాడు. సర్ధనాలో చర్చి నిలిచినది, భక్తులును నిలిచినారు. ఆ మూడు దినముల విందు మాత్రము ఎవరికిని వారసత్వముగా సంక్రమింపలేదు. ఇచ్చు చేయి పోగానే అదియు పోయినది.

అదే 1836 నవంబరులో కాశ్మీరీ గేటువద్ద సెయింట్ జేమ్స్ చర్చి ప్రతిష్ఠింపబడినది. దానిని కట్టించిన కర్నల్ జేమ్స్ స్కిన్నర్ తండ్రి స్కాట్లండువాడు, తల్లి రాజపుత్ర స్త్రీ. ఆ ఆవరణలో ఆయన వంశీయుల సమాధులు నేటికిని ఉన్నవి. కాని వంటింటి చరిత్రకు ఆ వంశముకంటె, ఆ చర్చిలోనే 1852లో జ్ఞానస్నానము పొందిన ఇరువురు ఎక్కువ ముఖ్యులు. ఒకరు ఢిల్లీ కాలేజీలో గణితము బోధించిన మాస్టర్ రామచంద్ర, మరియొకరు డాక్టర్ చిమన్ లాల్. రామచంద్ర గరిష్ఠ కనిష్ఠ సమస్యలపై వ్రాసిన గ్రంథమును లండనులో డీమోర్గన్ వంటి పండితుడు 1859లో పునర్ముద్రింపించినాడు. వారి మతాంతరము నగరమును కలవరపెట్టినది. అయిదేండ్లు తిరుగకుండనే, 1857 మే 11న, తిరుగుబాటు సిపాయిలు నగరములో ప్రవేశించినపుడు చిమన్ లాల్ హతుడైనాడు. రామచంద్ర తప్పించుకొని 1880వరకు జీవించినాడు.

ఇట్టివారి ఇండ్లలో పండుగ ఎట్లు జరుగవలెను? ప్రశ్న చిన్నదిగా కనబడును, కాని చిన్నది కాదు. దీపావళినాడు ఏ పిండివంట ఎప్పుడు వండవలెనో అత్త చెప్పును, ఆమెకు ఆమె అత్త చెప్పినది. క్రొత్తగా క్రైస్తవులైన ఇంటిలో బడా దిన్ ఎట్లు చేయవలెనో చెప్పుటకు అత్త లేదు. బంధువులు గడప త్రొక్కరు. పాదరీ ప్రార్థన నేర్పగలడు, పొయ్యిమీద ఏమి ఎక్కించవలెనో నేర్పలేడు. తెలుగుదేశమున పురుషోత్తమ చౌదరి (1803-1890) కర్ణాటక రాగములలో క్రైస్తవ కీర్తనలు రచించి పాట విషయమున ఈ లోటు తీర్చినాడు. ఢిల్లీలో వంట విషయమున దానిని తీర్చినవారు పేరులేని స్త్రీలు. హోలీనాటి గుజియా వారికి వచ్చును, దానినే బడా దిన్‌కు వండినారు. మిషనరీలలో కొందరికి పాత ఆచారములపై అనుమానము ఉండెడిది. 1877లో కేంబ్రిడ్జి మిషను వచ్చిన పిమ్మట దరియాగంజ్‌లో క్రైస్తవ బస్తీలు వెలసినపుడు, తోలుపని చేయు కుటుంబములవారు కులపు కట్టుబాట్లను ఎంతవరకు విడిచినారన్న విచారణ చాల జరిగినది. గుజియాను మాత్రము ఎవరును విచారించినట్లు లేదు.

కేకు ఇంగ్లీషువారిది. కాని ఉత్తరాది క్రైస్తవ గృహములలో అది వెన్న మాని నేతిని పట్టినది. అందులో ఆగ్రా పేఠా, అనగా బూడిదగుమ్మడి మిఠాయి ముక్కలు, సోపు, జాజికాయ, శొంఠి చేరినవి. ఇంట పెద్దపొయ్యి లేనందున పిండి, గ్రుడ్లు, చక్కెర, నేయి మూటకట్టుకొని పేటలోని రొట్టెల భట్టీకి పోవుట ఆచారమైనది. భట్టీవాడు తరచు ముసల్మాను. ఇంటివారిలో ఒకరు ఆతని ప్రక్కనే నిలిచి కలుపుట చూచుచుందురు. అపనమ్మకమున కాదు, కొలత ఆ ఇంటిది గనుక. రేకు డబ్బాలపై పేరు చీటీలు పెట్టుదురు. ఆ కొలత సాధారణముగా కాగితముపై ఉండదు. పెద్దామె చేతినుండి కోడలి చేతికి వచ్చును. తాతముత్తాతలు లేని పండుగకు మూడవ తరమునాటికి తాతముత్తాతలు ఏర్పడినది ఇట్లు.

1947 తరువాత ఆంగ్లో ఇండియనులలో పెక్కుమంది దేశము విడిచినారు. ఉద్యోగములకై కేరళ, ఆంధ్ర ప్రాంతములనుండి, ఇంటిపనులకై ఛోటానాగపూర్‌నుండి క్రైస్తవులు రాజధానికి చేరినారు. 1931లో తెరువబడిన రిడెంప్షన్ కథీడ్రల్, గోల్ డాక్‌ఖానా దగ్గరి సేక్రెడ్ హార్ట్ కథీడ్రల్ ఇప్పుడు వీరితో నిండును. ఒక్కొక్కరు తమ ఇంటి పిండివంటను వెంట తెచ్చుకొన్నారు. గోవావారి కుల్‌కుల్‌ను చూచిన తెలుగు ఇల్లాలు అవి గవ్వలే అనును.

అన్నింటికంటె విచిత్రము అరిసె. కోస్తా జిల్లాల క్రైస్తవ గృహములలో క్రొత్తబియ్యపు పిండి, బెల్లపు పాకముతో అరిసెలు వండనిదే క్రిస్మస్ కాదు. ముండా, ఉరావ్ కుటుంబములవారు ఆ పండుగకే, అదే పిండితో, అదే బెల్లముతో 'అర్సా' వండుదురు. ఈ రెండు ప్రాంతములవారును ఢిల్లీలో ఒకే చర్చి వాకిట, ఒకరి భాష ఒకరికి రాక, డబ్బా మూతలు తీసి చూపుకొన్నపుడు మాత్రమే ఆ సంగతి బయటపడును.