వర్నిలో నెట్ ఎందుకు పోయింది? - ఓ డీఎన్ఎస్ పురాణం

నెట్ పోయిందనగానే మనలో చాలామంది చేసే పని ఒక్కటే, రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యటం. ఆఫీసులో సర్వర్లు మేపే ఇంజినీర్లం కూడా ఇంటికొస్తే అంతే :-) ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. ఎందుకు చేసిందో, ఎందుకు చెయ్యలేదో తెలియాలంటే కొంచెం వెనక్కెళ్ళాలి.

1970ల్లో ఆర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో, మెన్లో పార్కులోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు రాసుకుంటారు, మిగతావాళ్ళంతా ఆ ఫైలు మళ్ళీ దించుకోవాలి. వందల్లో ఉన్నంతకాలం బాగానే నడిచింది. ఆ పైన మాత్రం మోయలేని బరువైంది. 1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ 882, 883 నంబర్ల ఆర్ఎఫ్‌సీల్లో డీఎన్ఎస్‌ని ప్రతిపాదించాడు. (ఆ పాత ఫైలు వారసుడు, హోస్ట్స్ పేరుతో, మీ లాప్‌టాప్‌లో ఇప్పటికీ ఉంది. చూడండి.)

మా వర్ని వాళ్ళకి ఇది చెప్పటం చాలా తేలిక. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్ళొచ్చాయి, గుంటూరు, కృష్ణా వైపు నుంచి రైతులొచ్చి క్యాంపులు కట్టుకున్నారు, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. (2015లో మూతపడింది, అది వేరే కథ, వేరే ఏడుపు.) అంత ఆయకట్టులో ప్రతి మడికీ నీళ్ళెలా వెళ్ళాలో డ్యాం దగ్గర కూర్చున్న ఇంజినీరుకి తెలియక్కర్లేదు. పెద్ద కాలువ నుంచి ఏ డిస్ట్రిబ్యూటరీకి వదలాలో తెలిస్తే చాలు, కింద తూముల సంగతి లష్కరు చూసుకుంటాడు. డీఎన్ఎస్ అచ్చంగా ఇదే. రూట్ సర్వర్‌కి మీ బ్యాంకు చిరునామా తెలీదు, ఎవర్ని అడగాలో తెలుసు.

2005 జనవరిలో డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక రౌటర్ పెట్టె మన మధ్యతరగతి ఇళ్ళల్లోకి రావటం ఎక్కువైంది. ఇంట్లో ఉన్న లష్కరు అదే. మీ ఫోన్ దాన్ని అడుగుతుంది, అది పైవాడిని అడుగుతుంది. ఆ పైవాడెవడో దాని సెట్టింగుల్లో రాసుంటుంది. అసలు కథంతా ఆ రెండు గళ్ళలోనే.

2021 వేసవిలో మా బాబాయి కూతురు వర్నిలో ఉండి పనిచేసేది. పిన్నికి ఆపరేషనైంది, చూసుకునేవాళ్ళు లేరు. నెట్ మాటిమాటికీ పోతుంటే మేనేజరు 'హైదరాబాద్ వచ్చెయ్' అన్నాడు. బాబాయి ఫోన్లో "లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయిరా, ఏదీ తెరుచుకోటం లేదు" అంటాడు. 8.8.8.8ని పింగ్ చెయ్యమన్నాను, జవాబొచ్చింది. అంటే నీళ్ళున్నాయి, తూము దగ్గరే తేడా. చెల్లి ఫోన్ హాట్‌స్పాట్ మీద నాకు స్క్రీన్ చూపించింది. డీఎన్ఎస్ గళ్ళలో ఉన్నవి వాళ్ళ నెట్ కంపెనీ చిరునామాలే కాదు. పైగా పెట్టెకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే. ఎన్నిసార్లు ఆపి వేసినా ఆ గళ్ళలో రాసింది చెరగదు కదా!

ఇది కొత్త దొంగతనమేం కాదు. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే వైరస్ దాదాపు 40 లక్షల కంప్యూటర్లని దొంగ సర్వర్లకి మళ్ళించింది, రౌటర్లనీ వదల్లేదు. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ముఠాని పట్టుకుంది. ఆ సర్వర్లని ఒక్కసారిగా ఆపేస్తే బాధితులకే నెట్ పోతుంది కాబట్టి, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచివి పెట్టి 2012 జులై 9 దాకా నడిపించారు. దొంగ పెట్టిన తూముని సర్కారే కాపలా కాసిందన్నమాట!

చెల్లి రౌటర్లో పాస్‌వర్డ్ మార్పించి, కంపెనీ డీఎన్ఎస్ పెట్టించాను. 2009లో గూగుల్ 8.8.8.8 ఇచ్చినప్పట్నుంచీ మనవాళ్ళు అన్నిటికీ అదే మందు వేస్తున్నారు. పరీక్షకి మంచిదే, కాపురానికి నాకు నచ్చదు. మెన్లో పార్కులో ఒకే చోట ఉన్న బరువుని పంచటానికే కదా డీఎన్ఎస్ పుట్టింది, ఊరంతా అడిగే ప్రతి పేరునీ మళ్ళీ ఒకే వాకిట్లో పొయ్యటమెందుకు?

అదే ఏడు అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలు మాయమయ్యాయి. వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లకి దారే తెగిపోయింది. చెల్లి ఫోన్ చేసింది, "అన్నయ్యా, పింగ్ వెళ్తోంది, మిగతా సైట్లూ వస్తున్నాయి, వాళ్ళ పేరొక్కటే దొరకట్లేదు. రౌటర్ ముట్టుకోవద్దని నాన్నకి చెప్పా, వినకుండా రెండుసార్లు ఆపి వేశాడు."